తుప్పు బండితో తెరిచిన సగం దారి

మా ఇంటి నుంచి రోడ్డు దాకా అయిదు నిమిషాల నడక. చలికాలంలో ఆ కాస్త దారి మూసుకుపోతే నేను ఇక్కడ ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

మిషిగన్‌లో, ట్రాయ్ నుంచి రెండు గంటలు పైకి వెళ్తే వచ్చే పొలం ఇది. మాది అంటాం గాని కొన్నది మా మరిది. అతను ట్రాయ్‌లో కార్ల ఇంజనీరు. మా ఆయన ఇండియాలో మా ఊళ్ళో లారీ షెడ్డులో మెకానిక్కుగా ఉండేవారు. తమ్ముడు కాగితాలు పెట్టి పిలిపిస్తే ఇద్దరం వచ్చాం. పాతిక మేకలు, దారికి రెండు వైపులా వెల్లుల్లి మడులు, ఒక పాత కొట్టం. వేసవిలో ఇద్దరం ఇక్కడే ఉంటాం. చలి మొదలయ్యాక ఆయనకి ట్రాయ్ దగ్గర ఒక గ్యారేజీలో పని, తమ్ముడింట్లో పడక. శనివారం వస్తారు, ఆదివారం వెళ్తారు. మంచు గట్టిగా పడితే ఆ శనివారం కూడా ఉండదు.

పెద్ద రోడ్డు మీద మంచు కౌంటీ వాళ్ళ, అంటే ఇక్కడి జిల్లా వాళ్ళ, బండి తోస్తుంది. మా దారి మా సొంతం కనక అది మేమే చూసుకోవాలి. నాకు లైసెన్సు లేదు. టౌనుకి వెళ్ళాలంటే కౌంటీ వాళ్ళ చిన్న బస్సు ఒకటుంది. ముందుగా ఫోన్ చేసి చెబితే ఇంటి గుమ్మం దాకా వచ్చి ఎక్కించుకుంటుంది. రోడ్డు అంచున మాత్రం ఆగదు. అక్కడ మంచు గుట్టలు పడి ఆగే చోటుండదు, వెనక నుంచి వచ్చే లారీలు గుద్దేస్తాయని వాళ్ళ భయం.

ఆ బస్సులో నేను వెళ్ళేది లైబ్రరీకి. మంగళవారం, గురువారం, పొద్దున పదింటికి అక్కడ పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చదవడం నేర్పుతారు. తెలుగు అక్షరాలు నాకు యాభై దాటాకే వచ్చాయి. ట్రాయ్‌లో మా తోడికోడలు పిల్లల్ని ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్తుంటే నేనూ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. పిల్లలు విసుక్కుంటూ రాసినవి నేను ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ రాసుకున్నాను. అవి పట్టుబడ్డాక ఇంగ్లీషు మీద ఆశ పుట్టింది.

మొదటి చలికాలం ఆ ఆశ మూడు వారాలే నిలిచింది. వరసగా నాలుగు క్లాసులు మానేస్తే పేరు తీసేసి, వెనక వేచి ఉన్నవాళ్ళకి ఆ కుర్చీ ఇస్తారు. మంచులో నావి నాలుగూ పోయాయి. ఆ తర్వాత మార్చి దాకా నేను చూసినవి వంటింటి కిటికీ, కొట్టం, మేకలు. నా గొంతు నేను విని మూడు రోజులైందని ఒకరోజు మేకని తిడుతున్నప్పుడు తెలిసింది. అది కూడా పరాయిదాని గొంతులా ఉంది.

కొట్టంలో ఒక పికప్ ట్రక్కు ఉండేది. పొలం అమ్మినాయన వదిలేసి పోయినది. దాని ముందు బిగించే మంచు తోసే బ్లేడు వెనక గడ్డిలో పడి ఉంది. వసంతంలో మా ఆయన్ని తీసుకెళ్ళి చూపించాను.

"ఇది బండా? తుప్పు నిలబడి ఉంది అంతే. పట్టుకుంటే చేతికి పొడి వస్తుంది" అన్నారు.

"షెడ్డులో ఇంతకంటే చచ్చినవాటిని లేపలేదా మీరు?"

"అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లరే తల్లీ. ఇక్కడ ఉప్పులో ఊరేశారు దీన్ని, మాగాయలాగా."

అలా అంటూనే వంగి కింద చూశారు. ఆయన చాసిస్ మీద సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటుంటే బాగుచేస్తారని నాకు అర్థమైంది. మంచి ఇనుము మోగుతుంది, పోయినది డొల్లగా చప్పుడు చేస్తుంది. మా పెళ్ళైన కొత్తలో షెడ్డుకి అన్నం తీసుకెళ్ళి ఆయన తినేదాకా కూర్చుని ఆ చప్పుళ్ళు విన్నదాన్ని. ఏ నట్టుకి ఏ పానా పడుతుందో చదువు రాకముందే నా అరచేతికి తెలుసు. ఇక్కడి పానాలు అంగుళాల లెక్కవి. అరచేతి లెక్క వాటికి కుదరలేదు. వాటి మీది అంకెలు చదివి అందించడం మొదలుపెట్టాను.

వేసవంతా దాని మీదే ఉన్నాం. వారం రోజులు ఒక్కో బోల్టుకి నూనె పోసి నానబెట్టడం, మంట పెట్టి వేడి చెయ్యడం, తిప్పితే సగం విరగడం, విరిగినదాన్ని తొలిచి తియ్యడం. తీగ బ్రష్షుతో గీకే పని నాది. గుడ్డ కట్టుకున్నా ముక్కులోంచి తుప్పు పొడి ఎర్రగా వచ్చేది. డ్రైవరు కాళ్ళ కింద నేల పోయింది, కూర్చుంటే గడ్డి కనిపించేది. పాత నీళ్ళ తొట్టి రేకు కోసి అక్కడ వేశాం. వెనక కమాన్‌పట్టీలు పట్టుకునే చోట చాసిస్‌ని తుప్పు పూర్తిగా తినేసింది. అక్కడ దళసరి పట్టీలు పెట్టి ఆయన వెల్డింగ్ చేశారు. బ్రేకు గొట్టాలు కొత్తవి వేశాం. బ్లేడుని పైకి ఎత్తే పంపూ గొట్టాలూ పాతవే ఉంచాం.

మా మరిది ఒక ఆదివారం వచ్చి బండి చుట్టూ తిరిగి ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు.

"వదినా, ఈ చాసిస్ మీద లోడ్ ఎంత పడుతుందో కంప్యూటర్లో సిమ్యులేట్ చేసి చెప్తా."

మా ఆయన బండి కిందనుంచే అన్నారు: "ముందు ఆ జాక్ ఇలా తొయ్యరా సిమ్యులేటరూ."

బండికి నంబరు ప్లేటు రాదని, ఆ చాసిస్‌తో రోడ్డు ఎక్కకూడదని ముందే తెలుసు. నాకు కావలసింది రోడ్డు దాకానే. సెప్టెంబరులో లైబ్రరీలో మళ్ళీ పేరు రాయించుకున్నాను, ఆయన నాకు గేర్లు నేర్పారు. అక్టోబరులో మడుల్లో వెల్లుల్లి రెబ్బలు నాటి పైన గడ్డి కప్పాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నేనే బండిని ముందుకు పోనిచ్చాను. వెనక తొట్టిలో బరువుకి ఇసక బస్తాలు వేశాం.

నవంబరులో మొదటి మంచు పడినప్పుడు నా అంత సంతోషించినవాళ్ళు ఆ కౌంటీలో ఉండరు. బ్లేడు దించి దారంతా తోసుకుంటూ పోయాను. బండి పట్టేంత వెడల్పు తోశాను, అంతే. పక్కన మడులు. విత్తు పెట్టిన నేల మీదికి చక్రం ఎక్కించడం, బరువు పొయ్యడం మా ఇళ్ళల్లో ఊహకి కూడా రాదు. ఊళ్ళో మడిలో చెప్పుతో అడుగు పెడితేనే మా నాన్న కేకలేసేవాడు. మా ఆయన వెళ్ళేముందు చెప్పింది కూడా అదే ఒక్క మాట: "మడులు జాగర్త."

పక్క పొలం ముసలావిడ తన ట్రాక్టరు మీద వెళ్తూ ఆగింది. నలభై చలికాలాలు మంచు తోసిన మనిషి. చేతులు బార్లా చాపి చూపించింది. "మొదటిసారే దూరంగా తొయ్యి. చాలా దూరం. తర్వాత జరగదు అది."

"అక్కడ వెల్లుల్లి ఉంది" అన్నాను.

"వెల్లుల్లికి ఏం కాదు. మంచు దానికి దుప్పటి."

నేను తల ఊపాను. మాట అర్థమైంది. మనసు ఒప్పుకోలేదు. ఈవిడకి వెల్లుల్లి మీద ఏం ప్రేముంటుందిలే అనుకున్నాను.

డిసెంబరులో మంచు పడ్డప్పుడల్లా తోశాను. తోసిన మంచు అంచున గట్టుగా నిలిచి, మధ్యాహ్నం కాస్త కరిగి, తెల్లారేసరికి గడ్డకట్టేది. మళ్ళీ పడ్డ మంచు దాని లోపలికే తొయ్యాలి. అలా ప్రతిసారీ దారి ఒక బెత్తెడు తగ్గింది. జనవరి వచ్చేసరికి రెండు పక్కలా నా భుజాల ఎత్తు గోడలు. బండి అద్దాలు మడిచి నడుపుతున్నాను. నన్ను బయటికి పంపడానికి బాగుచేసిన బండితో ఆ గోడలు నేనే కట్టుకున్నాను.

ఒక మంగళవారం బస్సు దారి మొదట్లోకి ముక్కు పెట్టి ఆగిపోయింది. డ్రైవరు దిగి వచ్చి చేత్తో కొలిచి చూశాడు. మంచివాడు, పెద్దాయన. "పట్టదమ్మా. ఇందులో ఇరుక్కుంటే నన్ను బయటికి లాగడానికి ఇంకో బండి రావాలి" అన్నాడు. వెనక్కి పోయాడు. గురువారం పోయింది. మళ్ళీ మంగళవారం పోయింది. మూడు. వచ్చే గురువారం పోతే నాలుగు.

ఆ మంగళవారం మధ్యాహ్నం మా ఆయనకి ఫోన్ చేస్తే లైన్లో మరిది కూడా ఉన్నాడు.

"వదినా, ఆన్‌లైన్ క్లాసులు బోలెడు. హాయిగా ఇంట్లోంచే చదువుకోవచ్చు."

"ఇంట్లోంచి బయటికి పోవడానికే కదయ్యా నా చదువు."

అప్పుడు ఆయన్ని అడిగాను: "ఏవండీ, ఎడం పక్క మడి మీదికి తోస్తాను."

"బండి ఎక్కుతుందే మడి మీదికి."

"ఎక్కుతుంది."

"అది నాటింది నువ్వూ నేనూ. మోకాళ్ళ మీద పాకుతూ నాటాం."

"నాకు తెలుసండీ."

"శనివారం నేను వచ్చి చూస్తాగా, ఆగు."

"శనివారానికి నా కుర్చీలో ఇంకొకళ్ళు ఉంటారు."

ఆయన వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఫోన్ పెట్టేశారు. మా ఇంట్లో దాని అర్థం ఇద్దరికీ తెలుసు. తర్వాత ఏం జరిగినా 'నేను చెప్పలేదు' అనడానికి ఆయనకి వీలుంటుంది.

గురువారానికి బస్సుకి ఫోన్ చేసి చెప్పి, మంగళవారం పొద్దుగూకేదాకా, బుధవారం మొత్తం పని చేశాను. రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఇంటి వైపు వచ్చాను. ముందు గునపంతో గట్టుని పెళ్ళలు పెళ్ళలుగా విరగ్గొట్టాలి, తర్వాత బండెక్కి ఆ పెళ్ళల్ని మడి మీదికి తొయ్యాలి. మొదటిసారి ఎడమ చక్రం మడి మీదికి ఎక్కినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన వేసిన వెల్డింగు మాటిమాటికీ దిగి చూశాను. చెక్కు చెదరలేదు. చేతి తొడుగుల్లో వేళ్ళు నావి కావనిపించేది. మేకలకి నీళ్ళు పెట్టి, నాలుగు మెతుకులు తిని, మళ్ళీ గునపం.

గురువారం తెల్లవారాక సగం దారి మిగిలి ఉంది. ఎనిమిదిన్నర ప్రాంతంలో, పెద్ద పెళ్ళని తోస్తుంటే బ్లేడుని ఎత్తే నూనె గొట్టం పగిలింది. నూనె మంచు మీద ఎర్రగా పడింది. బ్లేడు కిందకి దిగి గడ్డలో కూరుకుపోయింది. ముందుకి కదలదు, వెనక్కి కదలదు. బండి దారికి అడ్డంగా, ముక్కు మడిలో, తోక అవతలి గోడకి ఆని నిలబడింది. ఇంటివైపు నుంచి చూస్తే బిరడా కొట్టినట్టే ఉంది. గొట్టాలు పాతవే ఉంచాం కదా అని గుర్తొచ్చి స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. ఇక శనివారం ఆయన కారు కూడా లోపలికి రాదు.

తొమ్మిదిన్నరకి బస్సు హారన్ వినిపించింది.

తల ఎత్తి చూశాను. బస్సు రోడ్డు మీద లేదు. నేను వెడల్పు చేసిన సగంలోకి వచ్చి, నా బండికి ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉంది. గుమ్మం దాకా రాలేదు గాని రోడ్డు మీదా లేదు. డ్రైవరు కిటికీ దించాడు.

నా సంచి ఇంట్లో ఉంది. పరిగెత్తినట్టు నడిచి, పుస్తకం తీసుకుని, మేకల తలుపు గొళ్ళెం చూసుకుని తిరిగొచ్చాను. బండి పక్కన మనిషి పట్టే సందు లేదు. మడి మీదికి ఎక్కాను. తొడ లోతు మంచులో, ఏ సాళ్ళలో ఏది నాటామో నాకు తెలిసిన నేల మీద, ఒక్కో కాలూ పీక్కుంటూ అవతలికి దాటాను.

"ఆ ట్రక్కు ఎవరు తీస్తారు?" అన్నాడు డ్రైవరు, తలుపు తీస్తూ.

"నేనే. క్లాసు అయ్యాక."

"ఇవాళ మధ్యాహ్నం నుంచి మళ్ళీ మంచు అంటున్నారు. ఈ సగం కూడా మూసుకుపోతే, ఆగకూడదు గాని, రోడ్డు మీదే దింపాల్సొస్తుంది."

"దింపండి."

బస్సులో ఇంకెవరూ లేరు. చీర కుచ్చెళ్ళ కింద వేసుకున్న ప్యాంటు తొడల దాకా తడిసిపోయింది. బస్సు మెల్లగా వెనక్కి నడుస్తుంటే కుడి అద్దం గట్టుకి ఒకసారి గీసుకుంది. రోడ్డెక్కాక సంచిలోంచి పుస్తకం తీశాను. మూడు క్లాసుల కింద ఆపిన పేజీ తెరిచాను. వేలు పెట్టుకుని మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాను.