చెయ్యి పట్టని క్యాను

మదనపల్లెలో ఓ నర్సింగ్ హోములో ఆయాగా పనిచేసే రెజీనమ్మకు ఖాళీ డబ్బా కనిపిస్తే చేతులు ఊరుకోవు. గోటితో మీటి మందం చూస్తుంది. మూత బిగించి తలకిందులు చేస్తుంది. ఆఖరున మూతిలోకి చెయ్యి దూర్చి చూస్తుంది. చెయ్యి పట్టిందంటే, వాడిన సూదులు వేయడానికి ఆ డబ్బా పనికిరాదు. ఈ పరీక్షను ఆమెకు నేర్పింది ఒక పొరపాటే. మొదట సూదులకని తెల్లటి, వెడల్పు మూతి పాలపొడి డబ్బా పెట్టింది. అంత మంచి డబ్బాను చూస్తే ఎవరికైనా ఊరగాయే గుర్తొస్తుంది. కురబలకోట నుంచి రోగికి తోడొచ్చిన ఒకావిడ సూదులన్నీ చెత్తబుట్టలో కుమ్మరించి, డబ్బా కడిగి సంచిలో వేసుకుంది. బుట్ట ఎత్తబోయిన రెజీనమ్మ బొటనవేలిలో సూది దిగింది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, మూడు నెలలకు మళ్ళీ చూడాలన్నాడు. భయపడవద్దని ఆయన ఎంత చెప్పినా, అప్పటినుంచి మనవరాలికి చేత్తో తినిపించడం మాని, స్పూనుతోనే పెడుతూ వచ్చింది.

ఈ పొద్దున నర్సు స్వర్ణ ఆ రెండో పరీక్ష కాగితం తెచ్చింది. "ఏమీ ల్యాదు రెజీనమ్మా, బాగుండావు."

"యేసయ్యా!" అని రెజీనమ్మ గోడకు ఆనుకుంది. ఇప్పుడు సూదులు వేస్తున్న, మూలనున్న సన్నమూతి ఫినాయిలు క్యానును కాలితో తట్టింది. ఎంత కడిగినా వాసన పోని క్యాను అది. "దీన్ని ఎవురూ ఇంటికి ఎత్తుకపోరులే," అంది.

మధ్యాహ్నం ఇంట్లో సంగటిముద్ద చేత్తో తుంచి, పప్పులో అద్ది, మనవరాలి నోటి దగ్గర పెట్టింది.

"స్పూను యాడవ్వా?" అంది పాప, నోరు తెరుస్తూనే.