అద్దె తోటలోకి వచ్చిన జింక

పోయిన చలికాలం ఒక శుక్రవారం, మేముండే ఎడారి దేశంలో అల్ వక్రా ఊరు దాటాక ఉన్న ఒక తోటను రెండు కుటుంబాలం ఆ రోజుకి అద్దెకు తీసుకున్నాం. ఎక్కణ్ణుంచో ఒక జింక లోపలికి వచ్చింది.

"అద్దె కట్టాం కదా, లోపలికొచ్చింది మనదే!" అంటూ మావారు, ఆయన స్నేహితుడు వాలీబాల్ నెట్టుతో వెంటపడ్డారు. ఇసుకలో బోర్లాపడి, మోకాళ్ళు చెక్కుకుపోయి, చివరికి పట్టుకుని కాళ్ళు కట్టేశారు. వద్దనాల్సిన నేను మసాలా వేయిస్తూ కూర్చున్నాను.

ఇంతలో పక్క తోట పెద్దాయన పరుగున వచ్చి మావారిని కావలించుకున్నాడు.

"షుక్రన్, చాలా థాంక్స్! పొద్దుట్నుంచి దీని కోసమే తిరుగుతున్నా. సీసాపాలు పట్టి పెంచుకున్నాం," అన్నాడు హిందీలో.

తర్వాత నావైపు తిరిగి, "మంచి వాసన! ఏం వండుతున్నావమ్మా?" అన్నాడు.

"చికెన్," అన్నాను.

నవ్వుతూ గిన్నెలోకి చూశాడు. అందులో మసాలా తప్ప ఏమీ లేదు.

ఆ నవ్వు ఆగిపోయింది. కట్లు విప్పి, జింకను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఒక్క తిట్టు తిట్టినా ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.