డాక్టరు ఆమె చెంప తట్టిన రోజు

ఆమెను మొదట చూసింది సిల్క్ బోర్డు కూడలి దాటాక ఉన్న ఒక పేరుమోసిన సంతాన చికిత్స ఆసుపత్రిలో. నా పక్క కుర్చీలో కూర్చుని ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. "ఇంకా నన్ను పిలవలేదు మా, ఈడే కూర్చోనుండాను" అంది. కన్నడం, హిందీ, ఇంగ్లీషు తప్ప ఏమీ వినబడని ఆ హాల్లో ఆ మాట చెవిన పడగానే తిరిగి చూశాను. ఫోను పెట్టేసి తనే పలకరించింది.

"మీరు తెలుగా అక్కా?"

వాళ్ళది అత్తిబెలెలో ఎన్నో తరాలుగా ఉంటున్న కుటుంబం. గులాబీలు సాగు చేస్తారు. మేము గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి చందాపురలో ఫ్లాటు తీసుకున్నవాళ్ళం. నాది బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఇద్దరిదీ ఒకే దారి కాబట్టి ఆసుపత్రికి నా కారులోనే కలిసి వెళ్ళడం మొదలుపెట్టాం. దారిలో ఏడ్చేదాన్ని నేను, నవ్వించేది తను.

ఆ డాక్టరు హస్తవాసి మంచిదని మా ఆఫీసులో అందరూ అనేవారు. నేనూ అదే నమ్మాను. ఇద్దరికీ ఒకే వారంలో పిండాన్ని లోపల పెట్టారు. ఆ తర్వాత నేను పరీక్షలకు చదివే పిల్లలా ఉన్నాను. కాఫీ మానేశాను, పాదాలు చల్లబడకూడదని ఎవరో అంటే ఎండాకాలంలో సాక్సులు వేసుకుని పడుకున్నాను. తను మాత్రం వాళ్ళాయన బండి వెనక కూర్చుని వెళ్ళి పానీపూరీ తిని, ఆ ఫొటో నాకు పంపింది.

నాకు ఫలితం ఆఫీసులో ఉండగా వచ్చింది. గర్భం నిలవలేదు. మెట్ల దగ్గర నిలబడి ముఖం తుడుచుకుంటుంటే తన ఫోను.

"అక్కా, నిలబడిందంట! నీది?"

"నాది లేదు."

తను ఏడవడం మొదలుపెట్టింది, నా కోసం. నేనే తనను ఊరుకోబెట్టాల్సి వచ్చింది. ఫోను పెట్టేశాక నాకు గుర్తున్నది ఒక్కటే ఆలోచన. పానీపూరీ తిన్న తనకు వచ్చింది.

తర్వాత డాక్టరు దగ్గరికి ఇద్దరం ఒకే రోజు వెళ్ళాం. ముందు నన్ను పిలిచారు. ఎందుకు నిలవలేదని అడిగాను. "ఒక్కోసారి అంతే. వచ్చే నెల మళ్ళీ చేద్దాం" అంది డాక్టరు, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా. నేను బయటికొచ్చి కూర్చున్నాను. నా తర్వాత లోపలికి వెళ్ళిన తనను మాత్రం డాక్టరు గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. బాగా తినాలమ్మా అని కన్నడంలో చెబుతూ, నవ్వుతూ, చెంప మీద మెల్లగా తట్టింది.

ఆ చెయ్యి నా చెంప మీద పడాల్సిందని అనిపించింది. కడుపు పండినందుకు కుళ్ళుకున్నానంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. కానీ నాకు ఒళ్ళు మండింది ఆ తట్టడానికి. క్లాసులో మొదటి మార్కు వచ్చిన పిల్లను టీచరు మెచ్చుకుంటుంటే నేను వెనక బెంచీలో కూర్చున్నట్టయింది.

ఇంటికెళ్ళి, డాక్టర్ని మారుస్తానన్నాను.

"డాక్టరు నచ్చక మారుస్తున్నావా, ఆ అమ్మాయి కనబడకూడదని మారుస్తున్నావా?" అన్నాడు మా ఆయన.

"ఆ అమ్మాయి కనబడకూడదనే. అయితే ఏంటి?"

ఆయన వరసగా సెలవులు పెట్టి నాతో ఆసుపత్రులన్నీ తిరిగాడు. ఒకచోట గదిలోకి అడుగు పెట్టకముందే గ్యారంటీ అన్నారు. ఇంకోచోట డాక్టరుకు బదులు సూటు వేసుకున్న కుర్రాడు మాట్లాడాడు. చివరికి జయనగర్‌లో ఒక పెద్దావిడను కలిశాం. నవ్వు ముఖం కాదు. పాత రిపోర్టులన్నీ తిరగేసి, "గర్భసంచి లోపల కెమెరా పెట్టి ఎప్పుడైనా చూశారా?" అంది. లేదన్నాను. "చూడకుండా నేను మళ్ళీ మొదలుపెట్టను."

చూస్తే లోపల గోడలా ఒక సన్నని పొర ఉంది. దాన్ని తీసేశారు. ఇన్నాళ్ళూ నిలవకపోవడానికి కారణం అదేనా అని అడిగాను. "కావచ్చు. కాకపోవచ్చు. తెలియనిది తెలుసని చెప్పను" అంది. ఆవిడ దగ్గరే ఉండిపోవాలని అప్పుడే అనుకున్నాను.

గాయం మానడానికి ఆగమన్న ఆ నెలల్లోనే తన సీమంతం వచ్చింది. వద్దనుకుంటూనే వెళ్ళాను. పచ్చచీర, రెండు చేతులా గాజులు, ముందుకొచ్చిన పొట్ట. చీర కట్టిన తీరు కూడా ఓర్వలేకపోయాను. గాజులు తొడగడానికి నేను లేచేసరికి వాళ్ళ పెద్దత్త నెమ్మదిగా అడ్డం వచ్చింది. "పిల్లోళ్ళుండే వాళ్ళు ముందు తొడగనీ అమ్మణ్ణీ."

కూర్చున్న చోటి నుంచే తను చెయ్యి చాపింది. "మా అక్కే ముందు తొడగాల. లేకుంటే నాకు వద్దే వద్దు."

నేనే తొడిగాను. అందరూ తన మంచితనాన్ని మెచ్చుకున్నారు. నాకు ఆ మంచితనం మీద కూడా అసూయే కలిగింది. కడుపు నిండుగా ఉంది కాబట్టి మంచిగా ఉండగలుగుతోంది, నాకు ఆ వీలేది అనుకున్నాను. కారులో ఇంటిదాకా స్టీరింగు గట్టిగా పట్టుకునే వచ్చాను.

తనకు ఆడపిల్ల పుట్టింది. వీడియో కాల్‌లో చూశాను, పనుందని త్వరగా పెట్టేశాను. ఆ తర్వాత జయనగర్ డాక్టరు దగ్గర నాకూ నిలబడింది. భయంతో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మా అబ్బాయి పుట్టాక తను గులాబీలతో మా ఫ్లాటుకు వచ్చింది. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తన కూతురు మా సోఫా పట్టుకుని నడుస్తోంది.

"మీ డాక్టరు ఇంకా దాచిపెట్టిండాదా అక్కా, నీ పిండాలు?"

"రెండున్నాయి, గడ్డకట్టించి పెట్టారు."

"నాకేమీ మిగల్లేదు. మగపిల్లోడు కావాలని మా అత్త ఒకటే గొడవ. మళ్ళీ సూదులన్నీ మొదట్నుంచీ..." అని ఆగింది. "నీది మంచి డాక్టరక్కా. నాకు అప్పుడే చెప్పింటే నేనూ వచ్చేదాన్ని గదా."

మాట మామూలుగానే ఉంది, గొంతులో మాత్రం సన్నని ముల్లు. అది ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తన మీద జాలి కలిగింది. ఆ జాలికంటే ముందే, దాచుకోలేనంత హాయి కూడా కలిగింది.

బాబు ఏడవడం మొదలుపెట్టాడు. తను ఇవ్వకుండా ఇంకా గట్టిగా పొదువుకుని, "ఉండనీ అక్కా, రవ్వంతసేపు" అంది. నేను ఉండనిచ్చాను. కానీ చేతులు మాత్రం వాడి వైపు చాపే ఉంచాను.