జోగులమ్మ ఉప్పు చూసే వేళ

మా అత్త జోగులమ్మ పని చెప్పడంలో ఎంత ఘనురాలో, చేసినవాళ్లను మెచ్చుకోవడంలో అంత పిసినారి. పదిహేనేళ్లుగా ఆమెకు కోడలిని. నా పప్పు బాగుందని ఒక్కనాడూ అనలేదు. మహా అయితే "తినొచ్చు" అంటుంది. ఆ ఒక్క ముక్క కోసం నేనూ, పక్కింటి సుల్తానాబీ చిన్నత్తా ఇద్దరం చెవులు రిక్కించుకుని ఉంటాం. నాకంటే ఆమెకే అది ఎక్కువసార్లు దక్కింది. అందుకు నాకు కొంచెం కుళ్లు కూడా ఉంది, దాచడం దేనికి.

పాన్‌గల్‌లో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడలో నడుమెత్తున ఒక గూడు ఉంది, రెండువైపులా తెరిచే ఉంటుంది. పచ్చళ్లు, పాలు, చేటలు, తిట్లు అన్నీ అందులోంచే వచ్చిపోతాయి. చిన్నత్త దావతులకు వండుతుంది. రంజాన్ నెలలో ఆమె చేసే ముసల్లం కోసం బిజినేపల్లి నుంచి కూడా మనుషులు వస్తారు. కోడిని ముక్కలు కొట్టకుండా నిండుగా ఉంచి, కడుపులో కూరు నింపి, దారంతో కుట్టి, మందపు డేగిశాలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాలుస్తుంది. తినేవాళ్లు కోడిని మెచ్చుకుంటూ మొదట లోపలి కూరే ఖాళీ చేస్తారు.

ఆ కూరులో ఒకప్పుడు ఖీమా, గుడ్లు ఉండేవట. ఓ ఏడు దాంట్లో ఉప్పు ఎక్కువైంది. ఇంటిల్లిపాదీ రోజా ఉపవాసం ఉంటే రుచి చూసేదెవరు? నాలుక కొసకు అంటించుకుని ఉమ్మేస్తే పర్వాలేదని కొందరంటారు గానీ చిన్నత్త అందుకు ఒప్పుకోదు. కోడి తీసుకెళ్లినవాళ్లు పైతోలు తిని, లోపలిదంతా కుక్కకు పెట్టారని ఆమె చెవిన పడింది. ఆ సాయంత్రం గూటి దగ్గర కూర్చుని ఏడ్చిందట.

"ఏడ్వకు. రేపటిసంది నాకియ్యి, నేను చూస్త," అందట మా అత్త. "కానీ అండ్ల ఖీమా ఉండొద్దు, గుడ్డుండొద్దు."

ఎందుకంటే మా అత్తది తులసిమాల. నా భర్త నవీన్ నాలుగేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు జ్వరంతో మంచం పడితే, లేచి తిరిగితే చాలు, జన్మలో మాంసం ముట్టనని మొక్కుకుంది. పిల్లాడు లేచాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం కోడి కావాలని నా ప్రాణం తోడేస్తాడు.

చిన్నత్త మర్నాడే ఖీమా తీసేసింది. సగం ఉడికిన అన్నంలో వేయించిన పల్లీలు, కిస్‌మిస్, గింజ తీసి తరిగిన ఖర్జూరం, నానబెట్టిన ఎండు ఖుబానీ పండ్లు, అమ్రాబాద్ అడవి నుంచి వచ్చే సారపప్పు వేసింది. ఎర్రగా వేగిన ఉల్లిపాయ, పుదీనా, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపింది. దానికని వేరే కడాయి కొని, గుర్తుకు దాని చెవికి ఎర్రదారం కట్టింది. ఈనాటి వరకూ ఆ కడాయికి మాంసం తగలలేదు. కూరు తయారయ్యాక ముందు మా అత్త వంతు తీసి పక్కన పెట్టి, మిగిలింది కోడి కడుపులో పెడుతుంది. ఒక్క నాలుక కోసం మారిన వంట అది. ఇప్పుడు జనం అదే అడిగి మరీ చేయించుకుంటున్నారు.

అలా ఇరవై ఆరు రంజాన్లు గడిచాయి. సాయంత్రం నాలుగింటికి గూట్లోంచి "జోగక్కా, జర ఉప్పు చూడు" అని పిలుపు వస్తుంది. అంతకు అరగంట ముందే మా అత్త ముఖం కడుక్కుని, నోరు పుక్కిలించి, కొంగు సర్దుకుని, తహసీల్దారు సంతకం పెట్టబోతున్నట్టు తయారై కూర్చుంటుంది. చేలో పని ఎప్పుడో మానేసింది. ఇంట్లో పని నేను చేయనివ్వను, చేసినా ఆమెకు నచ్చదు. ఏడాదిలో ఆ ముప్పై రోజులు మాత్రం ఊళ్లో తన అవసరం ఒకరికి ఉందని ఆమె గట్టిగా నమ్ముతుంది.

ఈ ఏడు సంక్రాంతి దాటాక ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. ఒకరోజు నేను పప్పులో ఉప్పు వేయడం మరిచాను. నవీన్ ముద్ద నోట్లో పెట్టుకుని పళ్లెం నెట్టేశాడు. అప్పటికే మా అత్త రెండుసార్లు వడ్డించుకుని తిని, చేయి కడుక్కుని కూర్చుంది. నాకు వంక పెట్టే అవకాశం ఆమె వదులుకోవడమా! ఆయన బయటికి వెళ్లాక నిలదీశాను.

"అత్తా, నీకు రుచి తెలుస్తలేదా?"

నా చేయి పట్టుకుంది. పదిహేనేళ్లలో అదే మొదటిసారి.

"జరమొచ్చిన కాడికెళ్లి ఏం దెలుస్తలేదే. మన్ను దిన్నట్టుంది. నీ దండం వెడత, సుల్తానకు జెప్పకు."

"రంజాన్ వస్తుంది గదా, ఎట్ల మరి? ఉప్పు తప్పితె చిన్నత్త పేరు పోదా?"

"దాని చెయ్యి తప్పదే. నేను ఊకె నోట్లేసుకుంట గంతే." గొంతు తగ్గించింది. "గా గూట్లకెళ్లి పిలుపు బందయితె పొద్దుమీకి నేనేం జెయ్యాలె, చెప్పు?"

నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, జాలి వేసినందుకు మళ్లీ కోపం వచ్చింది. చెప్పనని మాటిచ్చాను. రంజాన్ మొదలైంది. రోజూ ఆమె ఓ ముద్ద నోట్లో వేసుకుని, చిన్నత్త ముఖంలోకి చూసి, "సరిపోయింది" అనేది. నిజంగానే సరిపోయేది. నేను మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేదాన్ని.

పద్దెనిమిదో రోజా నాడు చిన్నత్త చిన్నకూతురు నస్రీన్‌కు కాబోయే అత్తవారు కల్వకుర్తి నుంచి ఇఫ్తారుకు వస్తున్నారు. పిల్లవాడు ఆసిఫ్ మంచివాడే. వాళ్లమ్మ మాత్రం తిండి దగ్గర మహా పట్టింపు మనిషని చెప్పుకున్నారు. చిన్నత్త పొద్దుటి నుంచి పరేషాన్. నాలుగు దాటాక గూట్లో పళ్లెం పెట్టింది. వెనకాల నస్రీన్ నిలబడి ఉంది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

మా అత్త ముద్ద నోట్లో వేసుకుంది. నమిలింది. చిన్నత్త ముఖం చూసింది. ఆ రోజు ఆ ముఖంలో భయం తప్ప ఇంకేమీ లేదు.

"ఏంది అక్కా? గట్లనే నిలవడ్డవ్?"

మా అత్త చూపు నస్రీన్ మీదికి పోయింది. పురిటిలో ఆ పిల్లకు మొదటి స్నానం పోసింది ఆమే.

"నాకు తెల్వదు, సుల్తానా," అంది. "నా నాలుక సచ్చి రెండు నెలలాయె. ఇన్ని దినాలు అబద్ధం జెప్పిన. ఇయ్యాల జెప్పలేను. ఉమా, నువ్వు చూడు."

నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు! మింగలేక కళ్ల నీళ్లు వచ్చాయి. కూపీ లాగితే, ఉల్లిపాయ వేయించేటప్పుడే నస్రీన్ కూరు మొత్తానికీ సరిపడా ఉప్పు వేసింది. అది తెలియక అన్నం కలిపేటప్పుడు వాళ్లమ్మ మళ్లీ వేసింది. రుచి చూసే నోరు లేని ఇంట్లో ఇద్దరికీ అనుమానం రాలేదు.

మళ్లీ వండే వ్యవధి లేదు. మా ఇంట్లో అప్పుడే వార్చిన అన్నం ఉంది, ఉప్పు లేని చప్పిడన్నం. గిన్నెతో పరుగెత్తుకొచ్చి గూట్లో పెట్టబోయాను. చిన్నత్త చేయి అడ్డం పెట్టింది.

"ఉమా, గీ గిన్నెల ఎప్పుడన్న కోడి గిట్ల వండినవా?"

"లేదు చిన్నత్తా, ఇది అన్నం గిన్నెనే. ఏం?"

"అక్క వంతు గీ కూరులకెళ్లే తియ్యాలె."

చుట్టాలు దారిలో ఉన్నారు, కూతురి పరువు కడాయిలో ఉంది. ఏం తిన్నా మన్నులా ఉండే మనిషి మొక్కు గురించి ఆమె అడుగుతోంది. మా అత్త అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అన్నం, మరిన్ని పల్లీలు, ఖర్జూరం, రెండు నిమ్మకాయలు పడ్డాక కూరు దారికొచ్చింది. ఎక్కువైంది వేరే గిన్నెలోకి తీశారు. ఆసిఫ్ తల్లి కోడిని పక్కన పెట్టి కూరే మూడుసార్లు అడిగి వేయించుకుందని ఆ రాత్రే గూట్లోంచి కబురు వచ్చింది. మా అత్త విని పక్క వేసుకుంది.

మర్నాడు మూడున్నరయినా ఆమె ముఖం కడుక్కోలేదు. గూటికి వీపు పెట్టి, ఏరిన పల్లీలే మళ్లీ ఏరుతూ కూర్చుంది. నాలుగింటికి పిలుపు వచ్చింది.

"జోగక్కా!"

"ఉమను పిలువు. నాలుక దానిది."

"ఉమ ఉప్పు చూస్తది. నిన్నెవరు ఉప్పు సంగతడిగిన్రు?" చిన్నత్త గొంతులో నిజమైన కోపం ఉంది. "రెండు నెలల సంది రుచి లేక మన్ను దింటున్నవ్, నాకో మాట జెప్పకపోతివి. ఇరవై ఆరేండ్లు నిన్ను ఉప్పు కోసమే పిలిచిన్ననుకున్నవా? లేచి రా. ఖుబానీ మెత్తవడ్డదో లేదో పంటి కింద తెలుస్తది గదా. నువ్వు దినంది నేను కోడిల వెట్ట."

మా అత్త లేచింది. ముఖం కడుక్కుంది, నోరు పుక్కిలించింది, కొంగు సర్దుకుంది. గోడ అవతల చిన్నత్త పళ్లెం పట్టుకుని అంతసేపూ అలాగే నిలబడింది. మా అత్త ముద్ద నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది.

"తినొచ్చు," అంది.

తర్వాత నేను చూశాను. ఉప్పు కొంచెం తక్కువైంది. ఆ మాట అత్త లోపలికి వెళ్లాక చిన్నత్తకు చెప్పాను.