కూత పెట్టిన పుస్తకం

మొన్న మా అమ్మాయి నా ఫోన్లో ఏదో నొక్కి, ఇక నువ్వెక్కడుంటే అక్కడ నీ చుక్క నాకు మ్యాపులో కనిపిస్తుందని చెప్పి వెళ్లింది. ఒకసారి కూరగాయల బజారులో కళ్లు తిరిగి కూర్చుండిపోయానని దాని భయం. ప్రేమతోనే పెట్టింది, కాదనను. కానీ ఆ రోజు నుంచీ నాకు కుదురు లేదు. మందుల షాపుకు వెళ్లినా, దారిలో ఎవరితోనైనా నాలుగు మాటలాడుతూ నిలబడినా, ఆ చుక్క కూడా నాతోపాటే నిలబడి ఉంటుందని తోచి, తొందర లేకపోయినా గబగబా నడుస్తున్నాను. నిజానికి ఈ విద్య నాకు కొత్తదేం కాదు, మీలో చాలామంది కంటే ముందే చేత్తో పట్టుకుని తిరిగినదాన్ని.

అమ్మాయి బడికి వెళ్లడం మొదలుపెట్టాక, ముప్పై దాటిన వయసులో, లైబ్రరీ సైన్స్‌లో చేరాను. అప్పుడు మల్కాజ్‌గిరిలో అత్తగారు, మేము, మా బావగారి కుటుంబం కలిసి ఉండేవాళ్లం. నన్ను పంపడానికే అత్తగారు ఎంతో నసిగారు. ఇద్దరు కోడళ్లూ పుస్తకాలు పట్టుకుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారని ఆవిడ బాధ. దాంతో బావగారి భార్య, నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోటికోడలు, టీచరు పరీక్ష రాస్తానన్న మాట నోట్లోనే మింగేసింది. రోజూ మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకని మాత్రం వెళ్లివచ్చేది. ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అనుకునేదాన్ని.

ప్రాక్టికల్స్‌కి పొద్దుటిపూట మమ్మల్ని సికింద్రాబాద్‌లోనే ఒక పాత లైబ్రరీకి పంపేవారు. మా సారు బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి, వాటిని గీతలతో కలిపి, నెట్‌వర్క్ అంటే ఇదే, ఈ గదిలో పుస్తకం తీస్తే ఆ గదిలో తెలుస్తుందన్నారు. పుస్తకాల అట్టల లోపల చిప్పున్న తపాలాబిళ్లంత చీటీలు అంటించాం. చేతిలో ఒక పరికరం పట్టుకుని బీరువాల పక్కన నడుస్తుంటే, చోటు తప్పిన పుస్తకం దగ్గర అది కీచుమని కూత పెట్టేది. పరీక్షలకు చదివేవాళ్లు మరొకరికి దొరక్కుండా పుస్తకాలను వేరే బీరువాల్లో దాచడం మామూలే కనుక, ఒక్కో కూతకూ నాకు దొంగను పట్టుకున్నంత సంబరం.

ఒక రోజు, ఎవరూ ముట్టని పాత నివేదికల వాల్యూముల దగ్గర అది ఆగకుండా మొత్తుకుంది. అటెండరు నవ్వి, "జెర లోపటికి చెయ్యి పెట్టు మేడమ్, ఎవరో గట్టిగనే దాచిండ్రు" అన్నాడు. చెయ్యి పెడితే టీచరు పరీక్ష గైడు వచ్చింది, అక్కడున్న ఒకే ఒక్క ప్రతి. మధ్యలో గుర్తుగా, మట్టలాదివారం నాడు ఈతాకుతో అల్లిన చిన్న సిలువ. చివరి ముడిని ఎడమకు తిప్పి వేసే అల్లిక మా అక్కది. అలాంటిదే నా బైబిల్లోనూ ఉంది.

రోజూ మధ్యాహ్నం ఆ ప్రార్థన కూడిక ఎక్కడ జరుగుతోందో అప్పుడు తెలిసింది. పరీక్ష పై వారమే, వయసు రీత్యా అక్కకు అదే ఆఖరుది. దొరికినవన్నీ మధ్యాహ్నంలోగా వాటి వాటి బీరువాల్లోకి చేరాలని సారు ఆజ్ఞ. అక్కడ పెడితే క్షణంలో ఎవరో ఎత్తుకుపోతారు. ఇంటికి తెస్తే అత్తగారి కంటపడుతుంది. ఆ కాసేపూ పుస్తకం పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి కంప్యూటర్ దగ్గరకు వెళ్లి దాన్ని నా పేరున తీసుకుని, తీసుకెళ్లి మళ్లీ ఆ పాత వాల్యూముల వెనకే పెట్టేశాను. వెతకవలసిన వాటిలోంచి అది తప్పుకుంది. లైబ్రరీలోని కంప్యూటర్లన్నీ ఏకమై చెప్పేదేమిటంటే ఆ పుస్తకం మా ఇంట్లో ఉంది. మర్నాడు నా బైబిల్లోని సిలువను కూడా తెచ్చి, అక్క సిలువ పక్కనే ఉంచాను.

ఆ సాయంత్రం అక్క వడ్డించిన చేపల పులుసులో తలకాయ ముక్క, ఎప్పుడూ బావగారికి వెళ్లేది, నా కంచంలో పడింది. అత్తగారు కళ్లెత్తి చూశారు. మేమిద్దరం తల వంచుకుని తిన్నాం. అక్క పరీక్ష గట్టెక్కి ఉద్యోగం వచ్చాక, అత్తగారే వీధంతా కేకు పంచి, అంతా ప్రార్థనల ఫలమని చెప్పుకున్నారు.

ఇవాళ ఫోన్‌ను యాప్రాల్‌లో మా ఇంట్లోనే ఛార్జింగులో వదిలేసి, బస్సెక్కి మల్కాజ్‌గిరిలో అక్క దగ్గరకు వచ్చాను. "ఇంట్ల చెప్పకుండ వచ్చినవా ఏందే?" అంది. నా చుక్క ఇంట్లోనే ఉందన్నాను. సంగతంతా విని, కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఫోన్ తియ్యకపోతే అమ్మాయి హడలిపోతుందని గడియారం వైపే చూస్తున్నాను. ఆ రోజుల్లో మనిషి తన ఆశ ఒకటి దాచుకోవడానికి వాల్యూముల వెనక జానెడు చోటు సరిపోయేది. అది కంటపడినవాళ్లకు చూసీ చూడనట్టు ఊరుకునే వీలుండేది. వెతకడం యంత్రానికి అప్పుడే వచ్చింది, దొరికాక ఊరుకోవడం మాత్రం ఇన్నేళ్లయినా దానికెవరూ నేర్పలేదు. అక్క పెట్టిన టీ సగంలోనే వదిలేసి, బస్సు కోసం బయల్దేరాను.