బాలయ్య సార్ మూడో వరుస

నిన్న పొద్దున పది గంటలకు ఫోన్ వచ్చింది. బసవకళ్యాణ్ నుంచి, బాలయ్య సార్ కొడుకు.

"అక్కా, నాయిన చనిపోయిండు."

"ఎవరి నాయిన?" అన్నాను.

అంత పిచ్చి ప్రశ్న నా జన్మలో అడగలేదు. ఆ అబ్బాయి పాపం ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. పొయ్యి మీద పాలన్నీ పొంగిపోయాక గానీ పొయ్యి ఆపలేదు.

వారం కిందటే సార్ వాయిస్ మెసేజ్ పంపారు. మోకాళ్ల నొప్పి తప్ప అంతా బాగే అన్నారు.

తెలియనివాళ్లకు చెప్తాను. సార్ మా ఊరు నిర్ణాలో మాకు నాలుగో తరగతి చెప్పారు. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఏడాది అది. గోడ మీది మ్యాపులో పాత పేరు మీద ఒక కాగితం ముక్క అన్నం మెతుకులతో అంటించి, దాని మీద కొత్త పేరు రాశారు. ఉద్యోగానికి అప్పుడే కొత్త, మీసం కూడా సరిగ్గా రాలేదు. పాఠం కన్నడలో. మాలాంటి తెలుగు ఇళ్ల పిల్లలు బిక్కమొహం వేస్తే, పక్కన కూర్చుని తెలుగులో మళ్ళీ చెప్పేవారు.

ఒక రోజు సజీవాలు, నిర్జీవాల పాఠం. ఇంటికి పోయి, ఇంట్లో ఉన్నవన్నీ రెండు వరుసల్లో రాసుకు రమ్మన్నారు. జీవం ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు.

నేను మొదటి వరుసలో రాసినవి: అవ్వ, కోడి, బర్రె, దుడ్డె.

నా వెనక కూర్చునే కాశీనాథ్ తొంగి చూసి అరిచాడు. "సార్, వాళ్ల దుడ్డె సచ్చిపోయింది! లోపట గడ్డి ఉంది!"

క్లాసు క్లాసంతా గొల్లుమంది.

వాడు చెప్పింది నిజమే. మా బర్రెకు పుట్టిన దుడ్డె నాలుగు నెలలకే చచ్చిపోయింది. దూడ లేకపోతే బర్రె పాలు చేపదు. అందుకని మా నాయన దాని తోలు ఒలిపించి, లోపల ఎండుగడ్డి కూరి కుట్టించి, కాళ్లకు నాలుగు కట్టెలు పెట్టాడు. పాలు పిండేటప్పుడు కాస్త ఉప్పు రాసి ముందు నిలబెడితే, బర్రె దాన్ని నాకుతూ పాలిచ్చేది. మా ఊళ్లో అది మామూలే.

"బర్రె నాకుతాంది సార్. పాలిస్తాంది," అని నేను మొండికేశాను. ఏడుపు కూడా వచ్చేసింది.

సార్ నవ్వలేదు. నేను రాసింది కొట్టెయ్యనూ లేదు. "సాయంత్రం మీ ఇంటికొస్త, జర చూస్త," అన్నారు.

నిజంగానే వచ్చారు. దొడ్లో రాయి మీద కూర్చుని, పాలు పిండడం అయ్యేదాకా ఆ బర్రెనే చూశారు. అమ్మ చెంబు తీసుకుని లోపలికి పోయాక అడిగారు.

"ఎట్ల సచ్చింది బిడ్డా?"

ఇంట్లో అందరూ పాము కరిచిందనుకున్నారు. నాకొక్కదానికే తెలుసు.

"తాడు నేనే ఇప్పిన సార్. ఆడుకుందమని. కోసిన జొన్న చేన్లకు ఉరికింది. నాము తిన్నది."

జొన్న కోసిన మోళ్లకు మళ్ళీ వచ్చే లేత పిలకలను నాము అంటాం. నీళ్లు లేని ఏడు అవి పశువులకు విషం.

"జీవం లేదని రాస్తే నేనే సంపినట్టయితది సార్."

ఆయన నా తల నిమిరి ఏదో సముదాయిస్తారనుకున్నాను.

"గల్తీ నీదే. కాదని అబద్ధం జెప్పను," అన్నారు. "గానీ ఈ రాయి, నీ దుడ్డె ఒక్కటి కావు చంద్రమ్మా. రాయి ఎన్నడూ బతకలే."

మర్నాడు బోర్డు మీద మూడో వరుస గీశారు. పైన రాశారు: ఒకప్పుడు బతికినవి.

అందరినీ ఆలోచించి రాయమన్నారు. ఒకరు బెంచీ అన్నారు, అది ఒకప్పుడు చెట్టు. ఇంకొకరు తోలు చెప్పులన్నారు. పత్తి అంగీ, చీపురు, పలకకున్న కట్టె, రుమాల్లో కట్టుకొచ్చిన జొన్నరొట్టె. ఆ వరుసే అన్నిటికన్నా పొడుగైంది. కాశీనాథ్ కూడా నవ్వడం మానేసి, వాడి నడుముకున్న తోలు బెల్టు రాశాడు.

చివర నేను లేచి, నా చేత్తో "దుడ్డె" అని రాశాను.

ఆ రోజే ఇంటికి పోయి అమ్మకు చెప్పేశాను. వీపు పగులుతుందనుకున్నాను.

"తాడు తెగలే, ఇప్పి ఉండె. నాకు ఆ దినమే ఎరుక," అంది అమ్మ. "నువ్వెప్పుడు జెప్తవా అని చూస్తున్న."

నేను బడి మానకుండా ఉన్నానంటే, ఆ తర్వాత అంగన్‌వాడీలో ఇన్నేళ్లు పిల్లలకు పాఠం చెప్పానంటే, సార్ ఆ సాయంత్రం మా దొడ్లోకి రావడం వల్లే. ప్రతి ఏడూ మూడో వరుస గీశాను. పుస్తకంలో లేదు కదా అని ఒక సూపర్‌వైజరమ్మ అడిగితే, మా సార్ పుస్తకంలో ఉంది అన్నాను.

నిన్న బసవకళ్యాణ్ వెళ్లి చూసి వచ్చాను. బస్సులో పోతూ, వస్తూ ఆ వాయిస్ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మనిషి లేరని తెలుసు. అయినా గొంతు వినగానే కళ్లు కారిపోతున్నాయి.

దుడ్డె లేదని మా బర్రెకు కూడా తెలిసే ఉంటుంది, పాపం.

ఈ పొద్దున మనవరాలి నోట్‌బుక్ తీసుకుని మూడు వరుసలు గీశాను. పెన్ను మొదటి వరుస దగ్గరే చాలాసేపు ఆగింది.

మీరు అబద్ధం ఒప్పుకోరు కదా సార్. మూడో వరుసలో మీ పేరు నా చేత్తోనే రాశాను.

వెళ్లి రండి సార్. మోకాళ్ల నొప్పి లేని చోట, కాళ్లు చాపుకుని హాయిగా కూర్చోండి.