సేనాపతి బతికాడా?

వానాకాలంలో మా భిలాయిలోని సుపేలా బజారుకు వెళ్తే, బొగ్గుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసనకు, వాటి మీద రుద్దే నిమ్మచెక్క పులుపుకు, నా పదేళ్ల వయసులో గడిచిన ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్లముందుకొస్తుంది. ఆ రోజు మా క్వార్టరు ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. మా మామ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చుకుని, అట్ట ఊడిపోయేదాకా చదువుకున్న చారిత్రక నవలను హిందీలో టెలీఫిలింగా తీశారని, అది టీవీలో వస్తోందని తెలిసి, వీధిలోని తెలుగువాళ్లంతా వచ్చారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ చాచీ కూడా కాల్చిన పొత్తులు ఒడిలో వేసుకుని వచ్చి కూర్చుంది.

మామ్మకు హిందీ రాదు. నాకు తెలుగు అంతంతమాత్రం. కథ తెలిసినా తెరమీదివాళ్లు ఏమంటున్నారో వినాలని ఆవిడ ఆరాటం. ఆ చెప్పే పని నామీద పడింది.

"శత్రువులు కోటని గుండ్రం చేసీసారంట మామ్మా."

"గుండ్రం చెయ్యడం ఏటే? ముట్టడి అంటారు దాన్ని."

గదంతా నవ్వింది. నాకు చిన్నతనంగా అనిపించినా కథ వదల్లేదు. చివర్లో సేనాపతి గుర్రంతో సహా వరద నదిలోకి దూకాడు. గుర్రం ఒక్కటే ఒడ్డెక్కింది. అంతే, బొమ్మ అయిపోయింది. చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సేనాపతి చచ్చిపోయాడా మామ్మా?"

"ఆళ్లు సగవే తీసారు. మిగతాది పుస్తకంలో ఉంది, చదూకో."

"నాకు తెలుగు చదవడం రాదు కదా."

"నేర్పుతాను, రా."

ఎంత బతిమాలినా చెప్పలేదు. కోపంతోనే పలక పట్టాను. రోజూ బడి నుంచి రాగానే మామ్మ పప్పు ఏరుతూ నాచేత అక్షరాలు దిద్దించేది. వత్తు తప్పితే ఏరుతున్న చెయ్యి ఆగేది. వానలు వెళ్లిపోయి, మైదానంలో దసరా రావణుడికి వెదుళ్లు కడుతున్న రోజుల్లో, కూడబలుక్కుంటూ చివరి పుటలకు చేరాను. సేనాపతి బతికే ఉన్నాడు. పేరు మార్చుకుని అదే నది మీద పడవ నడుపుతున్నాడు.

పక్కింటికి పరుగెత్తాను. "చాచీ, వో జిందా హై."

చాచీ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, మొదటినుంచి చెప్పమంది. వీధి పిల్లలంతా చేరారు. హిందీలో సాగుతున్న నా కథ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మామ్మ గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది.

ఇప్పుడు ఆ వీధిలో ఎవరి తెర వాళ్లది. చాచీ వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మామ్మ లేదు. మొన్న ఈ ఊళ్లోనే, మరోదా పేటలో ఒక తెలుగు పెద్దాయన నా మాట విని, "మీది శ్రీకాకుళమేనా అమ్మా?" అని అడిగారు. నేను పుట్టి పెరిగింది భిలాయిలోనే, శ్రీకాకుళం రెండుసార్లకు మించి చూడలేదు.

"కాదండీ. మాట మా మామ్మది," అన్నాను.